కామెర్లకి నేల ఉసిరి పసరు: ఇచ్చే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. వానలు మొదలయ్యాక "పసరు ఎంత పోయాలి?" అని చాలామంది అడుగుతున్నారు.

కామెర్లు తెచ్చే కాలేయ జబ్బుల్లో, కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పసరు తాగినా తాగకపోయినా. పేరు మాత్రం పసరుకి వస్తుంది.

పరిశోధన జరగలేదని కాదు. 1988లో వెలువడిన మద్రాసు అధ్యయనంలో హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవారికి ఎండబెట్టిన నేల ఉసిరి పొడి 200 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మందికి రక్తపరీక్షలో వైరస్ గుర్తు కనిపించలేదు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా అది తూచిన పొడి. గుప్పెడు ఆకు నూరితే అందులో మందు ఎంతుందో ఎవరు చెప్పగలరు?

మొక్క దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. రెమ్మ తిప్పి చూడండి: నేల ఉసిరి కాయ నున్నగా, చిన్న తొడిమతో ఉంటుంది. కాయ గరుకుగా, తొడిమ లేకుండా రెమ్మకి అంటుకుని ఉంటే అది దాని చుట్టం, వేరే మొక్క.

ముక్కులో, కంట్లో పసరు పోయించకండి. చేతి మీద వాతలు పెట్టించకండి. ఉప్పు, నూనె మాన్పించి పస్తు పెడితే మనిషి ఇంకా నీరసిస్తాడు. అన్నం, పప్పు, పండ్లు తిననివ్వండి. డాక్టరుని అడగకుండా పారాసిటమాల్ వద్దు.

కాలేయానికి చేసే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ రక్తపరీక్షలతో పాటు పీటీ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే) పరీక్ష కూడా అడగండి. కాలేయం ఎంత దెబ్బతిందో అందులో తెలుస్తుంది. మలం తెల్లగా, ఒళ్లంతా దురదగా ఉంటే పైత్యనాళంలో అడ్డు ఉండొచ్చు, స్కానింగ్ కావాలి. మగత, తికమక మాటలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. గర్భిణికి కళ్లు పచ్చబడితే మొదటి రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, హెపటైటిస్ ఇ వాళ్లకి ప్రాణాంతకం కావచ్చు.