మొదటి ఎయిర్ ట్యాక్సీ పాడేరు ఆసుపత్రి ఆవరణలో దిగాలి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

ఎయిర్ ట్యాక్సీలకు అనుమతులిచ్చే పని ఇప్పుడు మీ శాఖ ముందుంది. నిలువుగా లేచి నిలువుగా దిగే ఈ విద్యుత్ విమానాలకు వెర్టిపోర్టులు, అంటే అవి లేచి దిగే స్థలాలు, ఎలా ఉండాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. ఇక ఈ విమానాలు మొదట ఎవరిని ఎక్కించుకోవాలన్నది మీరు తేల్చాల్సిన విషయం. మొదటి అనుమతులు పెద్దాసుపత్రికి చేరాల్సిన రోగి కోసం ఇవ్వండి. ఆఫీసుకు వెళ్లేవారి కోసం తర్వాత ఆలోచించవచ్చు. ఇదే నా విన్నపం.

ఇలా అడగడానికి కారణం ఉంది. ఇంతవరకు మన దేశంలో ఎయిర్ ట్యాక్సీ అనగానే అందరూ చెప్పే ఉదాహరణ ఢిల్లీదే. 2023 నవంబరులో ఇండిగో విమానాల వెనకున్న ఇంటర్‌గ్లోబ్ సంస్థ అమెరికా కంపెనీ ఆర్చర్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు, కన్నాట్ ప్లేస్ నుంచి గురుగ్రామ్‌కు ఏడు నిమిషాల్లో చేరవచ్చని ప్రకటించారు. 200 విమానాలన్నారు. ఒక్కో దానిలో పైలట్ కాక నలుగురు. అంటే 200 విమానాలూ ఒకేసారి గాల్లో ఉన్నా 800 మంది. ఎనిమిది పెట్టెల ఒక్క మెట్రో రైలు అంతకంటే ఎక్కువమందిని మోస్తుంది. ఆ రైలు రాజీవ్ చౌక్ నుంచి గురుగ్రామ్‌కు రోజూ తిరుగుతూనే ఉంది. నగర రద్దీకి ఎయిర్ ట్యాక్సీ మందు అనే మాట ఈ లెక్క ముందు నిలవదు. కొద్దిమందికి సమయం మిగులుతుంది, అంతే. కొద్దిమందికే ఉపయోగపడే వాహనమైనప్పుడు ఆ కొద్దిమంది ఎవరన్నది ప్రభుత్వమే నిర్ణయించాలి.

మంత్రిగారూ, మీరు శ్రీకాకుళం నుంచి పార్లమెంటుకు వెళ్లినవారు. డోలీ మోత అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను విశాఖపట్నంలో వైద్యసేవల్లో పనిచేసి రిటైరయ్యాను. గిరిజన ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చే కేసుల్లో డోలీ మొదటి మజిలీ మాత్రమే. కర్రకు దుప్పటి కట్టి నిండు గర్భిణిని రోడ్డు దాకా మోసుకొస్తారు, అక్కడ అంబులెన్సు ఎక్కిస్తారు, పాడేరులో చూస్తారు. అక్కడ కుదరకపోతే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రాసిస్తారు. అప్పుడు మొదలవుతుంది ఘాట్ రోడ్డు. గుర్రపువాతం (కాన్పు వేళ ఫిట్స్) వచ్చిన తల్లి, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లి, బరువు తక్కువగా పుట్టిన బిడ్డ, పాముకాటు తిన్న పోడు రైతు, వీళ్లందరూ ఆ మలుపుల్లోనే దిగిరావాలి. పాడేరు నుంచి విశాఖకు రోడ్డు మీద వంద కిలోమీటర్లు దాటుతుంది, సుమారు మూడు గంటలు పడుతుంది. సూటిగా కొలిస్తే దూరం దాదాపు 80 కిలోమీటర్లే. ఇప్పుడు తయారవుతున్న విద్యుత్ విమానాల వేగానికి అది అరగంట లోపు ప్రయాణం. రక్తం పోతున్న మనిషికి ఆ రెండున్నర గంటల తేడా ఎంతటిదో వార్డులో నిలబడ్డవాళ్లకు తెలుసు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ విమానం డోలీని మాన్పించదు. గూడేనికి రోడ్డు వేస్తేనే డోలీ పోతుంది, ఆ ఖర్చును దీనికి మళ్లించమని నేను అడగడం లేదు. నేను అడిగేది ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి మార్గం. పాడేరు, అరకు, చింతపల్లి, రంపచోడవరం నుంచి విశాఖకో కాకినాడకో. రెండు చివరలా చార్జింగు ఉంటుంది, డాక్టరు ఉంటారు, దిగే చోటు ముందే తెలుసు. కొత్త రకం విమానాన్ని పరీక్షించడానికి ఇంతకంటే అనువైన మార్గం దొరకదు.

ఈ ఆలోచన గాల్లోంచి పుట్టింది కాదు. మద్రాస్ ఐఐటీలో పుట్టిన ఈప్లేన్ కంపెనీ, దేశంలో జిల్లాకొకటి చొప్పున 788 ఎయిర్ అంబులెన్సులు ఇవ్వడానికి 2025లో ఎయిర్ అంబులెన్సులు నడిపే ఇకాట్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. బెంగళూరుకు చెందిన సర్లా ఏవియేషన్ తన ‘శూన్య’ నమూనాను అదే ఏడాది జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో పెట్టింది. తయారు చేసే చేతులు మన దగ్గరే ఉన్నాయి. వాళ్లకు కావలసింది ఖాయమైన మొదటి కొనుగోలుదారు. ప్రభుత్వ ఆసుపత్రుల కంటే ఖాయమైన కొనుగోలుదారు ఎవరుంటారు?

విదేశాల అనుభవం మాత్రం తొందర వద్దని హెచ్చరిస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రయాణికులను ఎక్కిస్తామన్న జర్మనీ కంపెనీ వోలోకాప్టర్‌కు ఆ సమయానికి ధ్రువీకరణ అందలేదు. ఆ డిసెంబరులోనే అది దివాలా పిటిషన్ వేసింది. అదే దేశంలోని లిలియం కూడా ఆ ఏడాదే డబ్బు లేక పని ఆపేసింది. రెంటిలోనూ సమర్థులైన ఇంజినీర్లున్నారు. పండుగ తేదీని ముందు ప్రకటించి, దాని వెంట విమానాన్ని పరుగెత్తించాలని చూడటమే ప్రమాదం. దయచేసి మన దగ్గర ఏ పంద్రాగస్టుకో, ఏ సదస్సుకో ముడిపెట్టి ధ్రువీకరణను తొందరపెట్టనివ్వకండి.

బ్యాటరీ సంగతి మీ అధికారులు మీకు చెప్పే ఉంటారు, అయినా ప్రజలకు తెలియాలి. కిలో విమాన ఇంధనంలో ఉండే శక్తిలో, కిలో లిథియం బ్యాటరీలో దాచగలిగేది నలభయ్యో వంతు వరకే. విద్యుత్ మోటార్లు శక్తిని తక్కువగా వృథా చేస్తాయి కాబట్టి తేడా కొంత తగ్గుతుంది గానీ పూడదు. పైగా నిలువుగా లేచేటప్పుడూ దిగేటప్పుడూ బ్యాటరీ మీద భారం విపరీతం. మన ఎండల్లో గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. పాడేరు సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఎటూ పలచనే. శీతాకాలం పొద్దున లంబసింగి వైపు పొగమంచు దిగితే ముందున్న మనిషి కనపడడు. వానాకాలం మబ్బు కొండను కప్పేస్తుంది. అటువంటి పూట ఇది ఎగరకూడదు, అప్పుడు రోడ్డు మీది అంబులెన్సే దిక్కు. అందుకే విమానం వచ్చిందని ఒక్క 108 బండిని కూడా తగ్గించకూడదు.

కొండల్లో ఎగరడం ఎంత ప్రమాదకరమో 2025లో చూశాం. ఎయిమ్స్ రిషికేశ్ హెలికాప్టర్ అంబులెన్సు ‘సంజీవని’ మే 17న కేదార్‌నాథ్‌లో దిగుతూ తోక విరిగి నేలకొరిగింది. లోపలివారు బతికారు. జూన్ 15న అదే ప్రాంతంలో యాత్రికుల హెలికాప్టర్ కూలి ఏడుగురు పోయారు. దానికి మూడు రోజుల ముందు అహ్మదాబాద్‌లో విమానం వైద్య విద్యార్థుల హాస్టల్ మీద పడింది. నేల మీద ఉన్నవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. నగరం మీద ఎగరడానికి అనుమతి ఇస్తున్నామంటే కింద ఉన్నవాళ్ల తరఫున కూడా నిర్ణయిస్తున్నామని అర్థం. న్యూయార్క్‌లో పాన్ ఆమ్ భవనం పైకప్పు మీద హెలికాప్టర్లు దిగేవి. 1977 మే 16న ఆగి ఉన్న హెలికాప్టర్ ఒకటి పక్కకు ఒరిగింది. దాని రెక్క తగిలి పైకప్పు మీద నలుగురు చనిపోయారు, విరిగిన ముక్క ఎన్నో అంతస్తుల కింద వీధిలో నడుస్తున్న ఒక మహిళను చంపింది. పైకప్పు సర్వీసు అక్కడితో ముగిసింది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆకాశహర్మ్యాల మీద వెర్టిపోర్టు అడిగే దరఖాస్తు మీ ముందుకు వచ్చినప్పుడు ఆ వీధిలోని మహిళను తలచుకోండి. నగరపాలక సంస్థ సమ్మతి, చుట్టుపక్కల కాలనీల అభ్యంతరాల విచారణ లేకుండా పైకప్పులకు అనుమతి ఇవ్వవద్దు.

డబ్బు విషయానికొస్తే, చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకంలో గంట ప్రయాణం 2,500 రూపాయలకు దొరికేలా ప్రభుత్వం లోటు భర్తీ చేసింది. చిన్న పట్టణాలకు అది న్యాయమే. అదే పద్ధతిలో రేపు నగరంలో ఎయిర్ ట్యాక్సీ టికెట్టుకు రాయితీ అడుగుతారు. ఇవ్వకండి. ఆ నిధిని రోగుల తరలింపుకు కేటాయించండి, రోగి నుంచి పైసా తీసుకోకుండా. ఈ నేలకు ఇది కొత్త కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు, ఫోను చేస్తే అంబులెన్సు ఉచితంగా వస్తుందంటే నమ్మనివారు చాలామంది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి.

కాబట్టి నేను మీ నుంచి కోరేవి ఇవి. వాణిజ్య అనుమతులకు ముందే ప్రభుత్వ ఆసుపత్రుల మధ్య వైద్య మార్గాలను నోటిఫై చేయండి, అందులో పాడేరు–విశాఖ మార్గాన్ని మొదటిదిగా చేర్చండి. రోగి ఎక్కే విమానంలో పైలట్ తప్పనిసరి చేయండి. చైనా 2023లోనే పైలట్ లేని రెండు సీట్ల విమానానికి ధ్రువీకరణ ఇచ్చింది, మనకు ఆ పోటీ అవసరం లేదు. మే నెల ఎండలోనూ జూలై వానలోనూ జరిపిన పరీక్షల ఫలితాలను, ఎన్ని ప్రయాణాలు వాతావరణం వల్ల రద్దయ్యాయో సహా, అందరూ చదివేలా తెలుగులోనూ ప్రచురించండి. గిరిజన గ్రామసభల అభిప్రాయం తీసుకున్నాకే దిగే స్థలాలు ఖరారు చేయండి.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఈ మార్గాల గురించి మీ నోటి నుంచి ఒక ప్రకటన కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయుడు,
వైద్యసేవల నుంచి రిటైరైన ఒక విశాఖవాసి