డాబా మీద ‘ది జనరల్’

ఒరేయ్ సూర్యం,

మీ లాసన్స్ బే కాలనీ డాబా మీద గుంటలందరికీ మూకీ సినిమా వేస్తానన్నావు కదా, ఇంకేం ఆలోచించకుండా మూకీల కాలం నాటి హాస్యనటుడు బస్టర్ కీటన్ హీరోగా చేసిన ‘ది జనరల్’ వెయ్యి. 1926లో తీశారు. శత్రు గూఢచారులు ఎత్తుకుపోయిన తన రైలింజన్ కోసం ఓ డ్రైవర్ వెంటపడటం, అంతే కథ. అమెరికా అంతర్యుద్ధంలో 1862లో నిజంగా జరిగిన సంఘటనే దీనికి ఆధారం. హీరోది బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది పక్షం, సినిమా ఆ ఊసెత్తదు. పెద్ద పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పెయ్యి.

ఆ సినిమా ఇన్నేళ్లయినా పాతబడకపోవడానికి కారణం నా దృష్టిలో ఒకటే: అందులో బరువంతా నిజం. కౌక్యాచర్ మీద, అంటే పట్టాల మీది అడ్డాలు తొలగించడానికి ఇంజన్ ముందు బిగించే ఇనప చట్రం మీద, కీటన్ ఒక స్లీపర్ (పట్టాల కింద వేసే చెక్క దుంగ) ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా పట్టాల మీద అడ్డంగా ఇంకో స్లీపర్. చేతిలోది విసిరి దాని కొసమీద కొడితే అది ఎగిరి పక్కకి పడుతుంది. కట్ లేదు, కెమెరా దూరంగా ఉంది, ఇంజన్ కదులుతూనే ఉంది. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఇంజన్ పట్టాలు తప్పేది. ఫిరంగి తన ఇంజన్ వైపే గురి తిరిగిపోయే సీనూ అంతే. మన అరకు రైలు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి మన ఇంజనే కనిపిస్తుంది చూడు, సరిగ్గా అలాంటి మలుపే అక్కడ హీరో ప్రాణం కాపాడుతుంది. వంతెన కూలే షాట్‌కి 42,000 డాలర్లయింది. మూకీల కాలంలో అంత ఖరీదైన షాట్ ఇంకోటి లేదంటారు. నిజం ఇంజన్‌నే నదిలో పడేశారు, రెండో టేక్ అన్న మాటే లేదు.

ఇక ప్రొజెక్టర్ సంగతి. బొమ్మ 4:3లోనే, అంటే వెడల్పు నాలుగు వంతులైతే ఎత్తు మూడు వంతులుగా ఉండాలి. తెర నిండాలని సాగదీశావో, ఇంజన్ చక్రాలు కోడిగుడ్లవుతాయి. చక్రం గుండ్రంగా ఉందంటే సరిగ్గా పెట్టినట్టే. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఆపెయ్యి, లేకపోతే కదలికలన్నీ జారిపోతున్నట్టుంటాయి. నిడివి కూడా చూసుకో: సుమారు 75 నుంచి 80 నిమిషాల కాపీ అయితే వేగం బాగుంటుంది. వంద దాటిందంటే నెమ్మదిగా తిప్పారన్నమాట, నవ్వు రావాల్సిన చోట ఆవులింతలొస్తాయి.

సంగీతం కార్ల్ డేవిస్‌ది దొరికితే మంచిదే. ఏదైనా సరే, దిగులుగా చక్రాల కడ్డీ మీద కూర్చున్న కీటన్‌ని ఇంజన్ పైకీ కిందకీ తిప్పే చోట సౌండ్ బాగా తగ్గించు. ఆవిరి ఎక్కువై చక్రం గిర్రున తిరిగితే మనిషి దక్కడు, అంత ప్రమాదం అది. ఆ మొహం మాత్రం కదలదు. అక్కడ హుషారు పాట పడితే సీను చచ్చిపోతుంది.

టైటిల్ కార్డులు (మధ్యమధ్యలో తెర మీద మాటలు చూపించే అట్టలు) తక్కువే, ఎవరైనా తెలుగులో గట్టిగా చదివితే చాలు. సముద్రపు గాలికి దుప్పటి తెర పొంగిపోతుంది, పై అంచూ కింది అంచూ రెండూ కర్రలకి చుట్టి లాగి కట్టు. ఏడు దాటి పూర్తిగా చీకటి పడ్డాకే మొదలెట్టు, లేకపోతే పొగా ఆవిరీ తెల్లగా కలిసిపోయి ఏమీ కనబడదు.

నీ,
రాజు