ఒక్క వాక్యం సరిచేయమంటే ఇంత తిప్పుతారా?

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నాది మిర్యాలగూడ. ఇక్కడి రైస్ మిల్లులకు వడ్ల టోకెన్ల ప్రోగ్రామ్‌లు రాసిచ్చి బతుకుతున్నాను. ఏటా డబ్బు కట్టి మీ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లలో వాడుకునే రెడీమేడ్ కోడ్) లైసెన్స్ రెన్యూవల్ చేయించుకుంటున్నాను. లైబ్రరీ బాగానే పని చేస్తుంది, నా కోపం దాని మీద కాదు.

మీ డాక్యుమెంటేషన్‌లో హ్యాష్ టేబుల్ (ఒక్కో ఎంట్రీని దాని కీ, అంటే గుర్తు, ఆధారంగా దాచే పట్టిక) ఇటరేటర్ (లూప్‌లో ఆ ఎంట్రీలను ఒక్కొక్కటిగా అందించేది) పేజీలో "లూప్ నడుస్తుండగా ఎంట్రీలు తీసేయవచ్చు" అని రాశారు. దేనితో తీసేయాలో మాత్రం రాయలేదు. ఇటరేటర్‌కు ఉన్న రిమూవ్ ఫంక్షన్ వాడితే ఏ ఇబ్బందీ లేదు. టేబుల్‌కు ఉన్న రిమూవ్ వాడితే టేబుల్ చిన్నదై, కీలన్నీ వేరే బకెట్లలోకి, అంటే టేబుల్‌లోని వేరే అరల్లోకి, మారిపోయి, ఇటరేటర్ కొన్నింటిని చూడకుండానే దాటిపోతుంది. ఎర్రర్ కూడా రాదు. పైథాన్ భాషలో ఇలాంటి టేబుల్‌నే డిక్షనరీ అంటారు, అక్కడ లూప్ మధ్యలో డిక్షనరీ సైజు మారితే రన్‌టైమ్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. జావా భాషలోని హ్యాష్ టేబుల్ అయిన హ్యాష్‌మ్యాప్ పేజీలోనైతే లూప్ మధ్యలో టేబుల్ మారిస్తే ఎర్రర్ వస్తుందని, ఇటరేటర్ సొంత రిమూవ్ ఒక్కటే మినహాయింపు అని స్పష్టంగా రాశారు. మీరు రాయనందువల్ల గడువు తీరిన టోకెన్లు కొన్ని లిస్టులోనే ఉండిపోయి, వడ్ల ట్రాక్టర్లు మిల్లు గేటు బయట ఆగిపోయాయి, రైతులు నన్ను అడిగారు, మిమ్మల్ని కాదు.

ఇదంతా మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్తే మొదట మాట్లాడినాయన నేను చెప్పేది పూర్తిగా వినకుండానే సిస్టమ్ రీస్టార్ట్ చేసి, లైబ్రరీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు. ఇన్‌స్టాలేషన్‌తో సంబంధం లేదు, పేజీలో వాక్యం తప్పు అంటే లైన్ వేరే ఆమెకు కలిపాడు. ఆమె ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపమంది. ఎర్రర్ రాకపోవడమే సమస్య మేడం అని ఎంత చెప్పినా, స్క్రీన్‌షాట్ లేకుండా టికెట్ ముందుకు పోదు సార్ అనే మాట తప్ప ఇంకోటి లేదు. సరే అని చిన్న ప్రోగ్రామ్ రాసి, ఏ కీలు తప్పిపోతున్నాయో చూపించి మెయిల్ చేశాను. జవాబుగా ఏ పేజీ తప్పని చెప్తున్నానో అదే పేజీ లింకు పంపి, దయచేసి డాక్యుమెంటేషన్ చదవండి అన్నారు! చదివినందుకే కదా ఈ తిప్పలు. ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేస్తే బిల్లింగ్ వాళ్లకు కలిపారు, వాళ్లు నా లైసెన్స్ గడువు ఎప్పటి వరకు ఉందో చెప్పారు. చివరికి "సమస్య పరిష్కారమైంది" అని టికెట్ మూసేశారు. ఎవరిని అడిగి మూశారు? ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

నల్గొండలో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ మీ లైబ్రరీనే చూపించాను. వాళ్లలో ఎవరైనా ఆ పేజీ నమ్మి ఇలాగే ఇరుక్కుంటే నేనేం చెప్పాలి? "ఇటరేటర్ రిమూవ్‌తో మాత్రమే తీయండి, టేబుల్ రిమూవ్ వాడొద్దు" అని రాయడానికి మీకు ఐదు నిమిషాలు పట్టదు. నా టికెట్ మళ్లీ తెరిచి, కోడ్ తెలిసిన మనిషితో నాకు ఫోన్ చేయించండి.

ఈసారి కూడా పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్తాను, అక్కడా కాకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. స్వయం ఉపాధితో బతకడానికి కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడేనని 2019 చట్టంలో ఉంది. మీ మెయిళ్లన్నీ దాచిపెట్టాను. వచ్చే రెన్యూవల్ డబ్బు కూడా ఆ పేజీ మారాకే కడతాను.