నికోటిన్ గమ్‌ను బబుల్‌గమ్‌లా నమలొద్దు

సంపాదకులకు,

టంగుటూరు, కొండపి లాంటి పొగాకు ఊళ్లలో సిగరెట్ మానాలని నికోటిన్ గమ్ కొన్నవాళ్లు కొందరు రెండ్రోజులకే 'వికారం, ఎక్కిళ్లు, పనిచేయట్లేదు' అని పారేస్తున్నారు. తప్పు మందుది కాదు, నమిలే తీరుది.

నాలుక మీద ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమలాలి. తగలగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలి ఉమ్మి మింగితే నికోటిన్ పొట్టలోకి పోతుంది, ఎక్కిళ్లు అందుకే. టీ తాగిన 15 నిమిషాల్లోపు వేసుకుంటే నోరు దాన్ని సరిగా పీల్చుకోదు. టీతోపాటే సిగరెట్ అలవాటైనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

నిద్రలేచిన అరగంటలోపే వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములది కావాలి, డాక్టరు చీటీ ఉండాలి. మిగతావారికి 2 చాలు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి.

మొదటి కొన్ని రోజులు మరీ గడ్డు. తాగాలన్న యావ చాలాసార్లు ఐదు నిమిషాల్లో చల్లారుతుంది. ఉచిత సలహాకు 1800 11 2356 ఉంది. నాన్న పొగ పక్క మంచంలోని పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకీ పోతోంది, ఇది మరీ బాధ.

ఒంగోలు, కందుకూరు మందుల షాపులవాళ్లు గమ్ చేతికిచ్చేటప్పుడు ఈ నాలుగు ముక్కలూ చెప్పి ఇవ్వాలి.

– ఒక ఫార్మసిస్టు, ఒంగోలు