ఆగకుండా దిగే బేస్

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల యూరప్ సంగీతం గురించి మాట్లాడుతూ "బరోక్ అంటే అంతా లెక్కలేరా, మనసుకు తగలదు" అన్నావు. అప్పుడు నాకు జవాబు తట్టలేదు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'డైడో అండ్ ఈనియస్' అనే ఆపెరాలో (పాటలతోనే నడిచే నాటకం) డైడో పాట మళ్లీ విన్నాను. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

రాసింది హెన్రీ పర్సెల్, లండన్ వాడు. 36 ఏళ్లకే పోయాడు పాపం. ఈ ఆపెరాని 1689 నాటికి చెల్సీలో ఒక ఆడపిల్లల బడిలో ఆడారు. ప్రేమించిన ఈనియస్ వదిలి వెళ్లిపోతుంటే కార్తేజ్ రాణి డైడో చనిపోబోతూ పాడే పాట ఇది.

ముందు గొంతు రాదు. బేస్, అంటే అడుగున వాయించే మంద్ర స్వరాల వరస, ఒక్కటే దిగుతుంది. నువ్వు వయొలిన్ నేర్చుకున్నవాడివి, మన స్వరాల్లోనే చెప్తా: షడ్జం, కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. ఒక్క మెట్టు కూడా వదలదు. తిరిగి షడ్జానికి చేరి మళ్లీ మొదలు. ఐదు బార్ల (మన తాళం ఆవర్తాల్లాంటివి) ఆ వరస మొత్తం 11 సార్లు వస్తుంది. ఇలా దిగే బేస్ వినపడితే శోకమని ఆ కాలం వాళ్లకి తెలిసిపోయేది. ఒక పాటకి ఒకే భావం, దాన్ని చివరిదాకా వదలకూడదని వాళ్ల పట్టుదల. జర్మన్ స్వరకర్త బాఖ్ కూడా, చర్చి ప్రార్థనల పాఠానికి కట్టిన బి మైనర్ మాస్‌లో సిలువ ఘట్టానికి ఇలాంటి బేస్‌నే పెట్టాడు.

నువ్వన్న లెక్క ఇదేగా! కానీ డైడో అందులో ఇమడదు చూడు. బేస్ ఒక చుట్టు ముగించే చోట ఆమె మాట ముగియదు. ఆమె ఊపిరి తీసుకునే చోట బేస్ ఆగదు. "నన్ను గుర్తుంచుకో" అన్న మాటని మొదట పంచమం మీదే నిలబెడుతుంది. కింద నేల జారిపోతున్నా కదలదు. తర్వాత అదే మాటతో పై షడ్జానికి వెళ్తుంది. అక్కడ నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. కింద లెక్క అంత కచ్చితంగా లేకపోతే ఆ తెగింపు మనకి తెలిసేదే కాదురా.

ఇంకోటి. బరోక్ రాతప్రతుల్లో చాలాచోట్ల హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాతకాలపు వాయిద్యం) వాయించేవాళ్లకి బేస్, దాంతోపాటు కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. 6 అని ఉంటే ఆ స్వరానికి పైన ఆరోది కలపాలని. మిగతా స్వరాలన్నీ ఆ వాయించే మనిషి అప్పటికప్పుడు నింపుకోవాల్సిందే. ఇందులో మనసు లేదని ఎలా అంటావు?

డైడో ఆగిపోయాక వయొలిన్లు అందుకుని, అవి కూడా బేస్ లాగే మెట్టు మెట్టుగా దిగుతాయి. మొదటిసారి బేస్ మాత్రమే పట్టుకుని విను. రెండోసారి గొంతు. ఆదివారం ఫోన్ చేస్తా, పంచమం దగ్గర నీకేమనిపించిందో చెప్పాలి.

నీ
రమణ