నర్సింగ్ చదివే పిల్లలకు ముందు మూలపదాలు నేర్పండి

సంపాదకులు గారికి,

ఒడిశాలోని మా రాయగడ, గుణుపురం వైపు తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియాలో చదువుకుని, నర్సింగ్‌లో చేరగానే ఇంగ్లీషు అనాటమీ (శరీర నిర్మాణం పాఠాలు) చూసి బెంబేలెత్తిపోతున్నారు. 206 ఎముకల పేర్లూ అర్థం తెలియకుండా బట్టీ పడుతున్నారు.

నిజానికి ఈ పదాల్లో చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టినవే. ‘హెపటో’ కాలేయం, ‘నెఫ్రో’ మూత్రపిండం, ‘ఐటిస్’ వాపు. ఈ మూడూ వస్తే హెపటైటిస్, నెఫ్రైటిస్ వాటంతట అవే అర్థమవుతాయి. ‘హైపర్’ అంటే ఎక్కువ, ‘హైపో’ అంటే తక్కువ. హైపోగ్లైసీమియాను హైపర్ అనుకుని, షుగర్ పడిపోయిన రోగికి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. నాకు అసలు భయం అదే.

అనాటమీ పుస్తకంలో బొమ్మల సంగతీ అంతే. పేజీలో కాలేయం ఎడమపక్క కనిపిస్తుంది, కానీ రోగికి అది కుడివైపు. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తున్నట్టు గీస్తారని మా అమ్మాయికి క్లాసులో ఎవరూ చెప్పలేదు.

సరిహద్దు జిల్లాల నర్సింగ్ స్కూళ్లలో మొదటి నెల ఈ మూలపదాలకే కేటాయించాలి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన సీనియర్ సిస్టర్ల చేత, అస్థిపంజరం నమూనా ముందు పెట్టి చెప్పించాలి. అధికారులు వచ్చే బ్యాచ్‌కైనా ఈ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ విద్యార్థిని తల్లి,
గుణుపురం, రాయగడ జిల్లా