డ్రాయింగ్ మాస్టారి దారి ఖర్చులు

పాఠశాల విద్య ఉన్నతాధికారి గారికి నమస్కారం.

నేను ప్రాథమికోన్నత పాఠశాలలో పార్ట్‌టైమ్ డ్రాయింగ్ టీచర్‌ని. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలుంటే మాలాంటివాళ్లు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. ఖర్చెవరిదో మాత్రం మాకెవరూ చెప్పరు.

కిందటేడు హైదరాబాద్‌లో కళాబోధనపై సదస్సుంటే ఓడీ, అంటే బడికి రాకపోయినా డ్యూటీలో ఉన్నట్టే లెక్కించే అనుమతి, అడిగాను. "నిధుల్లేవు మాస్టారూ, సెలవు పెట్టుకోండి" అన్నారు. ఓడీకీ నిధులకూ సంబంధమేమిటో నాకిప్పటికీ బోధపడలేదు. చవితి విగ్రహాలకు కళ్లు దిద్ది, రెండు దుకాణాలకు బోర్డులు రాసి ఫీజు కట్టాను. ప్రయాణం జనరల్ బోగీలో, పడక మిత్రుడి గదిలో చాప మీద.

అక్కడే బట్ట మీద బొమ్మలతో కథ చెప్పే చేర్యాల నకాషీ పటాల పని దగ్గరగా చూశాను. ఖాదీ బట్టకు గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల జిగురు పట్టిస్తే అదే కాన్వాసు! తిరిగొచ్చి పాత పంచె ముక్కల మీద ఏడో తరగతితో చేయించాను. డ్రాయింగ్ షీట్లు కొనమని నెల్లాళ్లు ఎవరినీ అడగలేదు.

బడ్జెట్ తగ్గిందంటే ఒప్పుకుంటాను. ఓడీకి రూపాయి కూడా ఖర్చవదు కదా, అది ఇప్పించండి. టీచర్లకు కళలూ సంస్కృతిపై శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సీసీఆర్‌టీకి ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ శిక్షణలకు మా పేర్లూ పంపండి. జిల్లాకు ఇద్దరికి బస్సు చార్జీలిచ్చినా చాలు, మిగతావాళ్లకు మేం నేర్పుతాం.

కాస్త త్వరగా చూడండి. నాచేత బోర్డులు రాయించుకునే ఆ రెండు దుకాణాలూ ఈమధ్యే ఫ్లెక్సీకి మారిపోయాయి.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్